రౌండబౌట్ మీదుగా

సెప్టెంబర్ 6, శనివారం

పది కిలోమీటర్లు. 58 నిమిషాల 40 సెకన్లు. కావలసింది 48.

దస్తగిర్ సార్ నిన్న పరుగుకు పేర్లిచ్చినవాళ్లకు తలా ఒక నోటుబుక్కు ఇచ్చాడు. ఎంత దూరం పరుగెత్తాం, ఎంత టైం పట్టింది, ఎన్ని గంటలు పడుకున్నాం రాసుకోవాలట. "నేను అడగను, సూడను. మీ కోసరం మీరు రాసుకోండప్పా," అన్నాడు. కర్నూలు మనిషి, కంపెనీకి సేఫ్టీ ఆఫీసరు. మనిషి మంచివాడే గానీ పరుగు పిచ్చి ఒకటి పట్టుకుంది.

జనవరిలో మస్కట్‌లో పది కిలోమీటర్ల రోడ్డు పందెం ఉంది. కంపెనీ తరఫున నలుగురి టీమును పంపుతాడట. డిసెంబర్ 12న ట్రయల్. 48 నిమిషాల లోపు వచ్చిన వాళ్లే టీము. టీములో ఉన్నవాళ్లకు ఈ డిసెంబర్ నుంచి వచ్చే ఎండాకాలం దాకా సైట్ డ్యూటీ ఉండదు, మా క్యాంపున్న ఘాలాలోనే పైపుల యార్డులో డ్యూటీ. పొద్దున్నే ప్రాక్టీసుకు వీలుగా ఉంటుందని.

కుర్రాళ్లంతా బూట్లిస్తారా, టీషర్టిస్తారా అని అడిగారు. నేను ఏమీ అడగలేదు. యార్డులో అన్నీ నేల మీదే ఉంటాయి.

సెప్టెంబర్ 8

క్యాంపు చుట్టూ పది కిలోమీటర్లంటే ఎంతో ఎవడికి తెలుసు? మా బస్సు డ్రైవరు షఫీ పోయిన వారమే తేల్చేశాడు. క్యాంపు గేటు నుంచి గ్యారేజీల వరస వెంట టైర్ల గుట్ట మూల దాటి పోయి, చివర రౌండబౌట్ తిరిగి, బ్లాకుల ఫ్యాక్టరీ రోడ్డులో వెనక్కి రావడం ఒక రౌండు. ఖాళీ బస్సు నాలుగు రౌండ్లు తిప్పాడు. మీటరు సరిగ్గా పది తిరిగింది.

"నీ బస్సు మీటర్‌ను నమ్మొచ్చారా?" అన్నాను.

"అరె మల్లన్నా, మనిషి అబద్ధమాడుతడు గని మీటర్ ఆడదు," అన్నాడు.

పెద్ద హరిశ్చంద్రుడు బయల్దేరాడు. ఇరవై రెండేళ్లుగా పైపులు కట్టేవాణ్ని, టేపు పెట్టకుండా ఏదీ నమ్మను. అయినా తెల్లవారుజాము నాలుగు గంటల చీకట్లో టేపు పట్టుకుని రెండున్నర కిలోమీటర్లు ఎవడు తిరుగుతాడు? మీటరే నమ్ముకున్నాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

సెలవు. బట్టలు ఉతుక్కున్నాను. రాయాలనుకున్నది రాస్తాను.

ఏప్రిల్‌లో దేవదాసు నా పక్కనుంచే పడ్డాడు. పైపులతో కట్టిన పరంజా ఐదో వరుసలో ఇద్దరం ఎదురెదురుగా ఉన్నాం. వాడు పలక మీద కాలు మార్చాడు, పలక తిరగబడింది. "మల్లీ" అన్నాడు. అంతే. పదకొండేళ్లుగా ఒకటే రూమ్, ఒకటే గ్యాంగు. తుంటికి రాడ్డు వేసి ఇంటికి పంపారు. బతికాడు. ఇప్పుడు జగిత్యాలలో కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

ఆ మర్నాడు దస్తగిర్ సార్ గ్యాంగునంతా కూర్చోబెట్టి, "ఎవరికన్నా పైకి పోవాలంటే భయమైతాంటే ఇప్పుడే చెప్పండి, తప్పేం లేదు," అన్నాడు. నేను నవ్వాను. "భయమా సార్? నాకా?" అన్నాను. అందరూ నవ్వారు.

అదే రోజు మూడో వరుస దాటగానే మోకాళ్లు నావి కాకుండా పోయాయి. ఎవరికీ చెప్పలేదు. పైపు ఎక్కలేని స్కాఫోల్డరును కంపెనీ ఏం చేసుకుంటుంది? వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కిస్తుంది. తుంటి విరిగిన దేవదాసునే పంపారు, కాళ్లుండీ ఎక్కనివాణ్ని ఉంచుతారా?

ఐదు నెలలుగా రోజూ పొద్దున ఎక్కుతున్నాను. ఏడు వరుసలు. పైపుల్ని బిగించే ప్రతి క్లాంపూ చేత్తో కదిలించి చూసి, దిగి, కింద పచ్చ ట్యాగ్ మీద సంతకం పెట్టాలి. ఆ ట్యాగ్ కనిపిస్తేనే పెయింటర్లు పైకి వెళతారు. దిగేసరికి చొక్కా పిండుకోవచ్చు. ఎండ కదా అంటాను. పొద్దున ఆరింటికి ఏం ఎండ.

యార్డు కావాలి నాకు. ఇంకేం వద్దు.

సెప్టెంబర్ 17

57:05. ఐదు గంటల నిద్ర.

సెప్టెంబర్ 25

55:30. ఇది కుమార్ చలవ. వాడు మా రూమ్‌లోనే పై మంచం మీద ఉంటాడు. ఆర్మూరు దగ్గరి వాడు, పెయింటరు, పాతికేళ్లు. పరుగులో జింక. 44లో వస్తాడు, వచ్చి నా కోసం గేటు దగ్గర బాటిల్ పట్టుకుని నిలబడతాడు.

"రోజూ ఒక్క తీరు ఉరికితే రోజూ ఒక్క తీరే ఉంటవ్ అన్నా. ఒక రౌండ్ పానం పోయేటట్టు ఉరుకు, ఒక రౌండ్ మెల్లగ ఉరుకు. పానం పోయేటట్టు అంటే నిజంగ పోగొట్టుకునేవ్ మల్ల," అంటాడు.

చిన్నవాడి దగ్గర నేర్చుకోవడం నామోషీగానే ఉంది. కానీ ఒకటిన్నర నిమిషం తగ్గింది.

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న దసరా. షఫీ ఎక్కడినుంచో జమ్మి ఆకు తెచ్చాడు. కుమార్ నా చేతిలో ఆకు పెట్టి కాళ్లకు మొక్కాడు. "ఈ కాళ్లకు 48 రావాలె," అన్నాడు. వాడి వీపు మీద ఒకటి వేశాను.

సంగీతకు ఫోన్ చేశాను. పరుగు సంగతి చెబితే ఒకటే నవ్వు. "ఈడ ఉన్నప్పుడు రేషన్ షాపుకు బండి లేంది పోకపోతివి, ఆడ ఉరుకుతున్నవా?" అంది. యార్డు సంగతి చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది.

54:50. వారం రోజులుగా ఇక్కడే ఆగిపోయింది. ఇంకా ఏడు నిమిషాలు. ఎక్కడినుంచి తేవాలి?

అక్టోబర్ 9

కుక్క.

మూడో రౌండులో టైర్ల గుట్ట మూలలో నల్ల కుక్క ఎదురొచ్చింది. పళ్లు బయటపెట్టి గుర్రుమంది. వెనక్కి జరిగి, రెండు గ్యారేజీల మధ్య సందు ఉంటే అందులోంచి ఫ్యాక్టరీ రోడ్డులోకి పడ్డాను. ఏం చేయను? కరిస్తే డ్యూటీ పోతుంది.

53:41.

అక్టోబర్ 10, శుక్రవారం

52:36. రెండు రౌండ్లు సందులోంచి. కుక్క భయం.

అక్టోబర్ 14

49:58! అమ్మ తోడు, యాభై లోపు!

కుక్క వల్ల నాలుగు రౌండ్లూ సందులోంచే. సందు కొంచెం దగ్గర దారి కావచ్చు. ఐతే బస్సు రౌండబౌట్ చుట్టూ ఎంత వెడల్పుగా తిరుగుతుంది, మనిషి అంత తిరగడు కదా. దానికీ దీనికీ సరిపోతుంది.

అక్టోబర్ 20

49:40. కుక్క.

దీపావళికి క్యాంపులో మిఠాయి పంచారు. రెండు తిన్నాను. ఒకటి తినాల్సింది.

అక్టోబర్ 27

పిక్క పట్టేసింది. నిన్నటి పరుగు ఎక్కువైనట్టుంది. సైట్‌లో నిచ్చెన దగ్గర నిలబడి పైకి చూశాను. పైపులన్నీ నేను కట్టించినవే, నిన్నటి నుంచి ఎవరూ ముట్టలేదు. కింది నుంచి వరుసవరుసా కళ్లతో చూశాను. అనుభవం ఉన్న కళ్లు. ట్యాగ్ మీద సంతకం పెట్టాను.

పిక్క తగ్గేదాకా అంతే.

అక్టోబర్ 28

పిక్క. 49:22. కుక్క.

పిక్క పట్టేసినవాడు 49:22లో ఎలా వచ్చాడని ఎవరైనా అడగొచ్చు. పొద్దున వేడి మీద తెలియదు, తరువాత పట్టేస్తుంది. అదీ సంగతి.

నవంబర్ 4

దేవదాసు ఫోన్ చేశాడు.

"ఏంరా మల్లిగా, ఇంక ఎక్కుతున్నవా?"

"ఎక్కకపోతే ఎట్లరా?"

"నేనైతే అరుగు ఎక్కాల్నన్నా కండ్లు తిరుగుతున్నయిరా. పైసలిచ్చినా ఎక్క. నువ్వు మొగోనివి."

దొంగకు తేలు కుట్టినట్టయింది, మాట మార్చాను. పరుగు, యార్డు సంగతి చెప్పాను. "ఓడ ఎక్కేదాక ఓడమల్లయ్య, దిగినంక బోడిమల్లయ్య. నువ్వెప్పుడూ గంతే. ఆ యార్డు దొరికినంక పరుగు బంద్ పెడ్తవ్," అని నవ్వాడు. నవ్వితే తుంటి నొప్పి అని ఆగిపోయాడు.

నవంబర్ 12

గేటు దగ్గర కుమార్ బాటిల్ ఇస్తూ నవ్వాడు. "ఏందన్నా, రౌండబౌట్ దాక నా యెనక రెండు వందల గజాలుంటవ్, ఫ్యాక్టరీ రోడ్ల చూస్తే బుజం మీదికే వస్తున్నవ్. రెక్కలు మొలిచినయా?"

"నీ కండ్లు దొబ్బినయా? చీకట్ల ఏం కనపడ్తది నీకు?" అని గట్టిగా అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. "ఊకెనే అన్న అన్నా," అని లోపలికి పోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. అయినా నేనేమీ దొంగతనం చేయలేదు.

48:55.

నవంబర్ 19

48:30. కుక్క. పిక్క.

వీధి దీపాలకన్నిటికీ జెండాలు కట్టారు, నేషనల్ డే వస్తోందని.

నవంబర్ 23

కుమార్ టీ తాగుతూ, "ఏడో వరుసల కడ్డీ క్లాంప్ ఒకటి జర వదులున్నట్టుంది అన్నా. చూసినవా?" అన్నాడు.

"చూసిన," అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. "సరే మరి," అని రోలర్ పట్టుకుని పోయాడు.

రేపు పైకి పోయి చూడాలి. తప్పకుండా చూడాలి.

నవంబర్ 24

గాలి ఎక్కువగా ఉంది. రేపు.

నవంబర్ 26

47:41.

47:41! వచ్చేసింది. ఇంకా పదహారు రోజులుంది, ఇంకా తగ్గుతుంది. యార్డు నాదే. పైపుల లెక్క, క్లాంపులకు నూనె, నేల. సంగీతకు ఫోన్ చేసి "వచ్చింది" అన్నాను. "ఏమొచ్చింది?" అంది. "టైం," అన్నాను. "టైం వస్తే సంబురమెందుకు?" అని పిల్లవాడికి ఇచ్చింది ఫోన్. మేం వాణ్ని చింటూ అంటాం, తొమ్మిదేళ్లు. "డాడీ, నువ్వు ఫస్టా?" అన్నాడు.

"నాలుగో నంబర్‌రా," అన్నాను. "నాలుగో నంబర్ చాలు."

నవంబర్ 28, శుక్రవారం

రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచించాను.

నిన్న సర్వే కుర్రాళ్ల దగ్గర దూరం కొలిచే చక్రం ఉంటే అడిగి తెచ్చాను. కర్రకు చక్రం, చక్రానికి మీటరు. తోసుకుంటూ నడిస్తే అంగుళం తేడా రాకుండా చెబుతుంది. షఫీ బస్సు మీటరు తప్పని నిరూపిద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పొద్దున ఏడింటికి, మంచి వెలుతురులో, గేటు నుంచి మొదలుపెట్టి రౌండబౌట్ మీదుగా తిరిగి వచ్చాను. రెండు వేల నాలుగు వందల తొంభై ఐదు మీటర్లు. షఫీ మీటరు ఐదు మీటర్ల దాకా నిజమే చెప్పింది.

మళ్లీ సందులోంచి. రెండు వేల రెండు వందల తొంభై.

రౌండుకు రెండు వందల ఐదు. నాలుగు రౌండ్లకు ఎనిమిది వందల ఇరవై. నేను పరుగెత్తింది తొమ్మిది కిలోమీటర్ల చిల్లర. పది అయి ఉంటే యాభై రెండు నిమిషాలు.

కొలిచే పనితో బతికినవాణ్ని. అంగుళం తేడా వచ్చిందని హెల్పర్లను నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ని. యాభై రోజులు టేపు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు. తెలియదని రాసి మోసం చేయడానికి ఈ పుస్తకంలో నేను తప్ప ఇంకెవరున్నారు?

నవంబర్ 29

నిద్ర లేదు.

డిసెంబర్ 2

రౌండబౌట్ మీదుగా. 52:20. పది రోజులుంది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు పది రోజుల్లో తగ్గవు. కుమార్ ఎప్పటిలాగే గేటు దగ్గర ఉన్నాడు. బాటిల్ ఇచ్చాడు.

పిక్క నిజంగానే పట్టేసింది ఈసారి. దేవుడికి వెటకారం ఎక్కువ.

డిసెంబర్ 5, శుక్రవారం

51:55. వాంతి చేసుకున్నాను. ఇంతకంటే ఈ ఒంట్లో లేదు.

ట్రయల్ పోతే మళ్లీ ఏడు వరుసలే. మెడికల్ రిపోర్టు ఏదైనా పెట్టుకుంటే? పెట్టుకుంటే ఎగ్జిట్. ఎటు తిరిగినా అదే గోడ.

డిసెంబర్ 9, మంగళవారం

కుమార్ పడ్డాడు.

పడి బతికాడు, ముందు అది రాయాలి. బెల్టు పట్టుకుంది.

తొమ్మిదిన్నరకు ఏడో వరుసలో రోలర్ ముంచుకోవడానికి వెనక్కి వంగి కడ్డీకి ఆనుకున్నాడట. కడ్డీ ఒక చివర విడిపోయి తలుపులా తెరుచుకుంది. అరుపు విని తలెత్తాను. వాడు గాల్లో ఉన్నాడు. బెల్టు తాడు టక్కున బిగిసింది, ఊగి వచ్చి భుజం పైపుకు కొట్టుకుంది. ఆరో వరుస కింద వేలాడుతున్నాడు. "అన్నా, అన్నా" అంటున్నాడు. నన్నే.

నిచ్చెన నాకు పదడుగుల్లో ఉంది. నేనే అందరికంటే దగ్గర. పరుగెత్తాను. రెండో మెట్టు మీద కాలు పెట్టాను. మూడోది రాలేదు. కాలు లేవలేదు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని అక్కడే నిలబడిపోయాను, కుమార్ అరుస్తూనే ఉన్నాడు. నేపాలీ కుర్రాళ్లిద్దరు నన్ను పక్కకు తోసి ఎక్కారు. ఆరు నిమిషాల్లో దించారు.

భుజం కీలు తప్పింది. ఆస్పత్రిలో సరిచేసి కట్టు కట్టారు. ఆరు వారాలు చెయ్యి కదపకూడదట.

నిచ్చెన కింద పచ్చ ట్యాగ్. దాని మీద ఇవాళ్టి తారీఖు, నా సంతకం.

డిసెంబర్ 10

విచారణ. దస్తగిర్ సార్ క్యాబిన్‌లో నేను, కుమార్, ఫోర్‌మన్.

"మల్లేశం, పొద్దున ఆ క్లాంపు సూసినావా?"

నోరు తెరిచాను. ఏం చెప్పేవాడినో నాకు ఇప్పటికీ తెలియదు. కుమార్ అందుకున్నాడు.

"బకెట్ కట్టనీకి నేనే వదులు చేసిన సార్. మల్ల బిగించుడు మర్షిపోయిన."

సార్ వాడి వంక చూశాడు, నా వంక చూశాడు. కాగితం తీసి కుమార్ పేరు మీద వార్నింగ్ రాశాడు. వాడు ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాడు.

సాయంత్రం రూమ్‌లో అడిగాను, ఎందుకట్ల చెప్పినవురా అని.

"నాకేమన్నా, ఒక కాయిదం. నీకైతే ఎగ్జిట్. ఇద్దరు పిల్లలున్నరు."

"నేను పైకి పోలేదు కుమార్."

"ఎర్కే. నెలన్నర సంది ఎర్క. సందు సంగతి గూడ ఎర్క. పెద్దోనివి, నేను చెప్తే ఏం మంచిగుంటది? నీ అంతట నువ్వే మానుకుంటవనుకున్న."

"మరి ఎర్క ఉండి ఎట్ల ఎక్కినవురా? ట్యాగ్ అబద్ధమని తెల్సి?"

వాడు కట్టు సర్దుకున్నాడు. "రోజూ నా ముందటివి నేనే బిగించుకుంటుంటి. నా జేబుల గూడ స్పానర్ ఉన్నది. నిన్న తెల్లారి బస్ లేట్ అయింది, తొందరల ఆ ఒక్కటి చూడలేదు."

నెలన్నరగా నా పని వాడు చేస్తున్నాడు. పెయింటు డబ్బా ఒక చేతిలో, స్పానర్ ఒక చేతిలో. నేను కింద సంతకాలు పెట్టుకుంటూ ఉన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

డిసెంబర్ 12, శుక్రవారం. ట్రయల్

ఖురుమ్ బీచ్ రోడ్డు. చల్లగా ఉంది. షఫీ బస్సులో తీసుకెళ్లాడు.

మొదలవ్వక ముందే దస్తగిర్ సార్ చెప్పాడు. "కుమార్ లేడు. పేర్లిచ్చినోళ్లలో మిగిలింది నలుగురే. టీమ్‌కి నలుగురు కావాల. 48 మాట వదిలేసినా. పూర్తి చేసినోళ్లంతా టీమే."

నవ్వాలా ఏడవాలా? మూడు నెలలు ఈ ఒక్క సీటు కోసం నిద్ర కాచాను. నేను చూడని క్లాంపు కుమార్‌ను పడేసింది, ఆ ఖాళీలో నా పేరు పడింది. నడుచుకుంటూ వచ్చినా యార్డు నాదే.

నడవలేదు. ఐదు కిలోమీటర్లు పోయి, అక్కడ పెట్టిన ఎర్ర కోను తిరిగి రావాలి. కోను దగ్గర కాపలా ఎవరూ లేరు. ముందే వెనక్కి తిరిగినా అడిగేవాడు లేడు. నేను దాని చుట్టూ పూర్తిగా తిరిగాను, చేత్తో ముట్టుకుని మరీ తిరిగాను. ఎనిమిదో కిలోమీటరు దగ్గర కడుపులో పట్టేసింది. తొమ్మిదో దగ్గర కళ్లు బైర్లు కమ్మాయి. ప్రాణం పోయేటట్టే ఉరికాను.

51:24. ఇదే నా టైం. ఇంతకు మించి నా దగ్గర లేదు, ఉందని అనుకున్నదంతా సందు.

డిసెంబర్ 13, శనివారం

మెస్ బయట బోర్డు మీద లిస్టు పెట్టారు. యార్డు డ్యూటీ. నాలుగో పేరు: మల్లేశం, స్కాఫోల్డింగ్.

కుమార్ కట్టు చేత్తోనే వచ్చి చూశాడు. "మంచిగైందన్నా. ఇగ కింద ఉంటవ్," అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే సంతోషం వాడి మొహంలో. తిడితే బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది.



డిసెంబర్ 14

పొద్దున్నే సార్ క్యాబిన్‌కు వెళ్లాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. మొత్తం చెప్పాను. కాళ్లు, పిక్క పేరు, అక్టోబర్ 27 నుంచి కింది నుంచి పెట్టిన సంతకాలు, నవంబర్‌లో కుమార్ అడిగిన క్లాంపు, నిచ్చెన రెండో మెట్టు. కుమార్ చెప్పింది అబద్ధమని చెప్పాను. సందు సంగతి కూడా చెప్పాను, అది ఆయనకు అవసరం లేకపోయినా.

ఆయన అంతా విన్నాడు. తరువాత సొరుగులోంచి పాత కాగితం ఒకటి తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఏప్రిల్‌లో దేవదాసు పడినాక మిమ్మల్ని కూర్చోబెట్టి అడిగినా కదా. ఎందుకడిగినాననుకున్నావ్? యార్డులో క్లాంపులు సూసేదానికి తెలిసిన మనిషి కావాల్సొచ్చింది. పెద్ద మేనేజర్‌తో సంతకం పెట్టించి పెట్టుకున్నా. సూడు, పేరు రాసే జాగా ఖాళీగా ఉండాది. రెండు నెలలు ఎవరన్నా వస్తారేమోనని సూసినా. నువ్వు నవ్వినావ్."

కాగితం చూశాను. ఖాళీ గీత.

"ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే నీ పేరే రాస్తాంటి కదప్పా. ఇప్పుడెట్ల రాసేది? సంతకం అబద్ధమైన మనిషికి క్లాంపులు ఎట్ల అప్పజెప్పేది, నువ్వే చెప్పు."

కాగితం తిరిగి ఆయన వైపు జరిపాను. 

కుమార్ వార్నింగ్ నా ముందే చింపేశాడు. యార్డు లిస్టులో నా పేరు కొట్టేసి కుమార్ పేరు రాశాడు. ఒంటి చేత్తో లెక్కలు రాసుకోవచ్చు. నా కాగితం పైకి పోయింది. ఎగ్జిట్.

డిసెంబర్ 15

సంగీతకు చెప్పాను. అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"ఏప్రిల్‌లనే ఎర్క నాకు," అంది. "దేవదాసన్న పడ్డనాడు ఫోన్ చేసి 'నాకేం భయం లేదు' అని మూడుసార్లన్నవ్. నేను అడగనే లేదు."

కాసేపాగి, "రా. ఈడ నేల లేదా?" అంది.

డిసెంబర్ 21, ఆదివారం

24న టికెట్. డ్యూటీ లేదు, బెల్టు, స్పానర్ అప్పజెప్పేశాను. అయినా పొద్దున్నే లేచాను.

కుమార్ కూడా లేచాడు. చేతికి కట్టుతో ఎక్కడికిరా అంటే వినలేదు. రౌండబౌట్ గట్టు మీద కూర్చున్నాడు. నేను వచ్చిన ప్రతిసారీ "ఒకటి", "రెండు" అని గట్టిగా లెక్కపెట్టాడు, ఆ పక్క గ్యారేజీ వాళ్లు లేచి తిట్టేదాకా.

టైర్ల గుట్ట మూలలో మొదటి రౌండులో కాళ్లు వాటంతట అవే సందు వైపు తిరిగాయి. చెవి పట్టుకుని తిప్పినట్టు తిప్పుకున్నాను.

గేటు దాకా పరుగెత్తి, వాచీలో టైం చూసుకుని, వెనక్కి రౌండబౌట్ దగ్గరికి నడిచాను. కుమార్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఎంతన్నా?"

"యాభై ఒకటి సున్నా రెండు."

"ఇరవై రెండు సెకన్లు తగ్గినయ్. ఇంటికాడ బంద్ పెట్టకు. ఆర్నెల్లల్ల 48 వస్తది."

"వస్తే ఏం చేసుకుంటరా ఇప్పుడు?"

"ఏం చేసుకుంటవ్. నాకు ఫోన్ చేసి చెప్తవ్," అన్నాడు.

వాడి పక్కన గట్టు మీద కూర్చున్నాను. ఇద్దరికీ ఒకటే బాటిల్. ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాను, వాడు చూడనట్టు ఫోన్ చూసుకున్నాడు.

మధ్యాహ్నం ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. కుక్క అని రాసిన చోటల్లా కొట్టేసి పక్కన 'లేదు' అని రాశాను. ఒక్కచోట మాత్రం ఉంచాను, అక్టోబర్ తొమ్మిది. ఆ ఒక్క రోజు నిజంగానే ఉంది.

పది కిలోమీటర్లు. 51:02. ఏడు గంటల నిద్ర.